పాత కారు ఇంజనులో సింథటిక్ ఆయిల్: గోదావరి డెల్టాలో ఎప్పుడు వాడాలి, ఎలా వాడాలి

సంక్రాంతికి పది పన్నెండు రోజుల ముందు కోనసీమలో పాత కార్లు బయటికి వస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం కొబ్బరాకుల పాకలోనో, ధాన్యం కొట్టు పక్కనున్న రేకుల షెడ్డులోనో నిలబడి ఉన్న అంబాసిడరుకో, ప్రీమియర్ పద్మినికో, తొలి తరం మారుతి 800కో బ్యాటరీ తగిలించి, టైర్లలో గాలి నింపి, ఆయిల్ మార్పించడానికి అమలాపురమో రావులపాలెమో తీసుకువెళతారు. అక్కడ ఏటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఈ బండికి ఎప్పుడూ పోసే మినరల్ ఆయిలే పొయ్యాలా, సింథటిక్ పొయ్యాలా? సింథటిక్ పోస్తే సీళ్లన్నీ కారిపోతాయని ఒకరు భయపెడతారు, అది పోస్తే ఇంజను కొత్తదైపోతుందని మరొకరు ఆశపెడతారు. మా ఇంట్లో 1980ల నాటి అంబాసిడరూ, 1990ల నాటి మారుతి 800 ఇప్పటికీ నడుస్తున్నాయి. రెండింటిలోనూ రెండు రకాల ఆయిలూ పోసి చూసిన మీదట చెబుతున్నాను, ఆ రెండు మాటల్లో ఏదీ నమ్మదగినది కాదు. పాత ఇంజనులో సింథటిక్ వాడవచ్చు. కానీ వాడాలా వద్దా అన్నది ఇంజను లోపలి స్థితిని బట్టి, డబ్బా మీద ఉన్న గ్రేడును బట్టి, బండి ఎంత దూరం ఎలా తిరుగుతుందన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. మన డెల్టాలో ఈ మూడోదాన్ని ఎవరూ అడగరు, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

సింథటిక్ అన్న మాటకు అర్థం

ఏ ఇంజను ఆయిల్‌లోనైనా అధిక భాగం మూల నూనె ఉంటుంది. మిగిలినది మడ్డిని కడిగేవి, అరుగుదలను తగ్గించేవి, తుప్పును ఆపేవి అయిన రసాయనాలు. మూల నూనెలను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఎపిఐ) 5 గ్రూపులుగా విభజించింది. మొదటి రెండూ ముడి చమురును శుద్ధి చేయగా వచ్చే మినరల్ నూనెలు. మూడోది కూడా ముడి చమురు నుంచే వస్తుంది గానీ, అధిక పీడనంలో హైడ్రోజన్‌తో చర్య జరిపి దాని అణువుల రూపాన్ని చాలావరకు మార్చేస్తారు. నాలుగోది కర్మాగారంలో చిన్న అణువులను కూర్చి తయారుచేసే పాలీ ఆల్ఫా ఓలిఫిన్. ఐదో గ్రూపులో ఎస్టర్లు, ఇతర నూనెలు ఉంటాయి. మూడో గ్రూపు నూనెను కూడా సింథటిక్ అని ప్రకటించుకోవచ్చని 1999లో అమెరికాలో ప్రకటనల తగాదాలు తేల్చే నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ తేల్చిన తరువాత, ఆ పేరుతో అమ్ముడయ్యే డబ్బాల్లో ఎక్కువ భాగం మూడో గ్రూపు నూనెతోనే నిండుతున్నాయి. అది తక్కువ రకమని కాదు, మంచి నూనే. కానీ సింథటిక్ అన్న ఒక్క మాట చూసి రెండు మూడు రెట్లు ధర ఇవ్వడం తగదు. సెమీ సింథటిక్ అన్న మాటకైతే సింథటిక్ భాగం ఇంత ఉండాలన్న కట్టుబాటే లేదు.

సింథటిక్ నూనెకు మూడు గుణాలు నిజంగా ఉన్నాయి. అది తీవ్రమైన చలిలో గడ్డకట్టకుండా పారుతుంది, అధిక వేడిలో తొందరగా మాడి మడ్డిగా మారదు, ఆవిరైపోవడం తక్కువ. వీటిలో మొదటిదానికి ప్రకటనల్లో ఎక్కువ పేరు ఉంది గానీ, మనకు దానితో పెద్దగా పని లేదు. గ్రేడు పేరులో డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో నూనె పారే తీరును, తరువాతి అంకె వేడిలో దాని చిక్కదనాన్ని చెబుతాయి. 20డబ్ల్యూ గ్రేడు నూనెను మైనస్ 15 డిగ్రీల చలిలో ఇంజను తిరుగుతుందో లేదో పరీక్షించి ఆ పేరు ఇస్తారు. పుష్యమాసపు తెల్లవారుజామున కూడా పాలకొల్లులోనో రాజోలులోనో అంత చలి ఊహించలేము. రెండో గుణం మనకు కొంత ఉపయోగపడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో, నలుగురు మనుషులతో, సామానుతో, హైవే మీద రాజమహేంద్రవరం నుంచి విజయవాడ దాకా పాత బండిని తోలేవారికి వేడికి తట్టుకునే నూనె విలువ తెలుస్తుంది.

అయితే డెల్టాలో పాత కార్లు ఎక్కువగా అలా తిరగవు. ఇంటి నుంచి రొయ్యల చెరువు గట్టు దాకా, అక్కడి నుంచి రైసు మిల్లుకు, సాయంత్రం పక్క ఊరి గుడికి తిరుగుతాయి. ఒక్కో ప్రయాణం మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు. ఇంజనుకు ఇదే అన్నిటికంటే చేటు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దానిలో ఎక్కువ భాగం సైలెన్సరు గుండా బయటికి పోయినా, కొంత భాగం పిస్టను రింగుల పక్క నుంచి ఇంజను అడుగున నూనె ఉండే ఛాంబరులోకి దిగుతుంది. నూనె బాగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ ఆవిరి ఇంజనుకు గాలి గొట్టంలాంటి బ్రీదరు గుండా వెళ్లిపోతుంది. పది నిమిషాల్లో బండి ఆపేస్తే అది చల్లబడి నీరై నూనెలో కలుస్తుంది. పైగా పొద్దున చోక్ లాగి స్టార్టు చేసినప్పుడు మండని పెట్రోలు కొంత సిలిండరు గోడల మీది నూనెను కడుగుతూ కిందికి జారుతుంది. నీరూ, పెట్రోలూ, మండగా మిగిలిన ఆమ్లాలూ కలిసిన నూనె ఏ గ్రూపుదైనా ఇంజనును కాపాడలేదు. సింథటిక్ తనంతట తాను మాడకపోవచ్చు గానీ, తనలో నీరు చేరకుండా ఆపుకోలేదు. అందుచేత ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని బండి యజమాని, సింథటిక్ పోశాను కదా అని రెండేళ్లు నూనె మార్చకుండా ఉంటే, ఆ ఖర్చంతా పెట్టి ఇంజనును పాడుచేసుకున్నట్టే. అలాంటి బండికి మంచి మినరల్ ఆయిల్ పోసి ఆరు నెలలకొకసారి మార్చడం ఎంతో మేలు. నెలకు రెండుసార్లైనా సముద్రపు ఒడ్డు దాకానో, దూరపు బంధువుల ఊరి దాకానో ముప్పై నలభై కిలోమీటర్లు ఆపకుండా తోలడం ఇంకా మేలు.

గ్రేడు సంగతి

కొన్నేళ్ల కిందట మా అంబాసిడరును ఒక పట్నంలో సర్వీసుకు ఇచ్చినప్పుడు, మంచి ఉద్దేశంతోనే కావచ్చు, 5డబ్ల్యూ-30 సింథటిక్ పోశారు. ఇంటికి వచ్చేటప్పుడు నరసాపురం రేవులో బండ్లను గోదావరి దాటించి సఖినేటిపల్లి చేర్చే పంటు కోసం ఇంజను ఆపకుండా వేచి ఉన్నాను. పావుగంట గడిచేసరికి డ్యాష్‌బోర్డు మీద, నూనె ప్రెషరు పడిపోతే వెలిగే ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. ఆక్సిలరేటరు కొంచెం తొక్కితే ఆరిపోతుంది, వదిలితే వెలుగుతుంది. మరునాడు ఆ నూనె దింపి 20డబ్ల్యూ-50 పోసిన తరువాత ఆ లైటు మళ్లీ అలా వెలగలేదు.

అప్పటి నుంచి నేను డబ్బా మీద మొట్టమొదట చూసేది రెండో అంకెనే. 30 గ్రేడు నూనె 100 డిగ్రీల వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ చిక్కదనం కలిగి ఉంటుంది. 40 గ్రేడుకు అది 12.5 నుంచి 16.3, 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9. ఇప్పటి ఇంజన్లలో పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసుకూ, దాన్ని పట్టి ఉంచే బేరింగులకూ మధ్య ఖాళీ చాలా తక్కువ కాబట్టి, వాటికి పల్చని నూనె సరిపోతుంది, పెట్రోలు కూడా ఆదా అవుతుంది. నలభై ఏళ్లు తిరిగిన ఇంజనులో ఆ ఖాళీ అరుగుదలతో పెరిగి ఉంటుంది. పల్చని నూనె ఆ సందుల్లోంచి సులువుగా జారిపోయి, బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరిగే ఐడిలింగులో ప్రెషరు నిలవదు. ఆ రోజు రేవులో జరిగిందదే. సింథటిక్ అయినందువల్ల కాక, గ్రేడు తప్పినందువల్ల వచ్చిన ఇబ్బంది అది.

మన దేశంలో ఆ తరం పెట్రోలు ఇంజన్లకు 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 వాడుతూ వచ్చారు. సింథటిక్‌కు మారదలచుకుంటే రెండో అంకెను అలాగే ఉంచి, మొదటి అంకెను తగ్గించుకోవచ్చు. అంటే 20డబ్ల్యూ-40 పోసే మారుతి 800లో 10డబ్ల్యూ-40 పోయవచ్చు. 20డబ్ల్యూ-50 పోసే అంబాసిడరులో 15డబ్ల్యూ-50 పోయవచ్చు. మీ దగ్గర బండితో వచ్చిన మాన్యువల్ ఉంటే దానిలోని గ్రేడే ప్రమాణం. దుకాణదారుడు చెప్పినా, చుట్టపు డ్రైవరు చెప్పినా దానికంటే పల్చని రెండో అంకెకు దిగవద్దు. 0డబ్ల్యూ-20 వంటివి హైబ్రిడ్లతో సహా కొత్త కార్ల కోసం చేసినవి, అవి ఈ బండ్ల దరిదాపులకు రాకూడదు.

జింకు, ఫాస్ఫరసు

గ్రేడు తరువాత చూడవలసినది ఎపిఐ వర్గం. పెట్రోలు ఇంజన్లకు ఎస్ అక్షరంతో మొదలయ్యే వర్గాలు ఉంటాయి: 2001లో ఎస్‌ఎల్, 2004లో ఎస్‌ఎమ్, 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పి వచ్చాయి. కొత్తది వచ్చిన ప్రతిసారీ చాలా విషయాల్లో మెరుగైంది. ఒక్క విషయంలో మాత్రం పాత ఇంజన్ల అవసరం పక్కకు పోయింది.

అంబాసిడరులోని 1489 సీసీ ఇంజనులో, వాల్వులను నడిపే కామ్‌షాఫ్టు సిలిండర్ల పక్కన ఉంటుంది. దాని మీద అడుగు బల్లపరుపుగా ఉండే టాపెట్లు నేరుగా ఒరుసుకుంటూ కదిలి, పుష్ రాడ్ల ద్వారా వాల్వులను తెరుస్తాయి. ఆ ఒరిపిడి జరిగే చోట ఒత్తిడి చాలా ఎక్కువ, నూనె పొర తెగిపోయేంత ఎక్కువ. అక్కడ లోహాన్ని కాపాడేది నూనెలో కలిపే జింకు, ఫాస్ఫరసు సమ్మేళనం. వేడికి అది విడిపోయి లోహం మీద పల్చని రక్షణ పొరగా ఏర్పడుతుంది. కానీ ఫాస్ఫరసు సైలెన్సరులోని క్యాటలిటిక్ కన్వర్టరును క్రమంగా చంపుతుంది. అందుకని ఎస్‌ఎమ్ వర్గం నుంచి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పల్చని గ్రేడులలో ఫాస్ఫరసు 0.08 శాతానికి మించకూడదని పరిమితి పెట్టారు. 40, 50 గ్రేడులకు ఆ పరిమితి వర్తించదు. కనుక 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-50 వంటివి ఎంచుకున్నవారికి గ్రేడు సమస్యతో పాటు ఈ సమస్య కూడా చాలావరకు తీరిపోతుంది. మన పట్నాల్లో సింథటిక్ 15డబ్ల్యూ-50 ఎక్కువగా మోటారు సైకిళ్ల కోసమే దొరుకుతుంది. డబ్బా మీద జపాను మోటారు సైకిల్ నూనెల ప్రమాణమైన జాసో ఎమ్‌ఏ లేదా ఎమ్‌ఏ2 అని ఉన్న నూనెలో ఫాస్ఫరసు 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలన్నది ఆ ప్రమాణం. కార్ల కోసం అమ్మే ఆ గ్రేడు దొరకనప్పుడు ఎపిఐ వర్గం కూడా ముద్రించి ఉన్న అలాంటి నూనెను అంబాసిడరులో వాడవచ్చు, నేను వాడాను. జింకు పెంచుతాయని చెప్పి అమ్మే చిన్న సీసాల జోలికి మాత్రం నేను వెళ్లను. ఒక కంపెనీ లెక్క ప్రకారం కలిపిన మందుల్లో మరో కంపెనీ మందు కలిపితే ఏది ఎంత మిగులుతుందో చెప్పలేము.

సీళ్లు కారతాయన్న భయం

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1970లలో మార్కెట్లోకి వచ్చిన తొలి పాలీ ఆల్ఫా ఓలిఫిన్ నూనెలు, మినరల్ నూనెల్లా రబ్బరు సీళ్లను కొద్దిగా ఉబ్బించేవి కావు. దాంతో సీళ్లు కుదించుకుని లీకులు వచ్చేవి. తరువాత ఎస్టర్లు కలిపి ఆ లోటు సరిదిద్దారు. ఇప్పుడు ఎపిఐ ఎస్‌ఎన్, ఆ తరువాతి వర్గాలు పొందే ప్రతి నూనె సీళ్లతో పొసగుతుందో లేదో పరీక్షకు నిలవాలి.

ఇప్పటికీ సింథటిక్ పోశాక కొన్ని పాత బండ్లు కారడానికి కారణం వేరు. ముప్పై ఏళ్ల సీలు ఎండి గట్టిపడి పగిలి ఉంటుంది, ఆ పగుళ్లను ఏళ్ల నాటి మడ్డి మూసి ఉంచుతుంది. కొత్త నూనెలోని డిటర్జెంట్లు ఆ మడ్డిని కరిగించగానే, మూత తీసినట్టు దారి తెరుచుకుంటుంది. అంటే సీలు ఎప్పుడో పోయింది, ఇప్పుడు బయటపడింది. కొన్ని పాత ఇంజన్లలో క్రాంకు వెనుక వైపు రబ్బరు సీలే ఉండదు; తాడులాంటి ప్యాకింగో, నూనెను వెనక్కి తిప్పే మరలాంటి గాడో ఉంటుంది. అలాంటి ఇంజను ఏ నూనె పోసినా కొన్ని చుక్కలు కార్చడం సహజం, పల్చనిది పోస్తే ఇంకొన్ని ఎక్కువ కారుస్తుంది. కాబట్టి మారే ముందు ఒక రాత్రి ఇంజను కింద అట్టముక్క పరిచి, పొద్దున్నే ఎక్కడ ఎన్ని చుక్కలు పడ్డాయో గుర్తు పెట్టి, తేదీ వేసి దాచుకోండి. మారిన నెల తరువాత మరో అట్టముక్క పరిస్తే తేడా కళ్ల ముందే ఉంటుంది.

పోసే ముందు ఇంజనును చదవడం

ముందుగా డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తూ, నూనె మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతూ ఉంటే, మెకానికల్ పెట్రోలు పంపులోని డయాఫ్రం చిరిగి ఉండవచ్చు; దాన్ని మార్చకుండా ఏ నూనె పోసినా వృథా. నూనె మజ్జిగలా తెల్లగా ఉంటే, రేడియేటరు నీరు హెడ్ గ్యాస్కెట్ గుండా కలుస్తోందేమో చూపించాలి. ఆయిల్ మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి జిగురు ఉండి, రేడియేటరులో నీరు తగ్గకుండా ఉంటే, అది చిన్న ప్రయాణాల తేమే అయి ఉంటుంది. ఒక దూర ప్రయాణం చేసి మళ్లీ చూడండి.

తరువాత పొగ చూడాలి. రాత్రంతా నిలిపిన బండి స్టార్టు చేయగానే ఒక గుప్పెడు నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు అరిగినట్టు. ఆక్సిలరేటరు తొక్కినంతసేపూ నీలిపొగ వస్తే పిస్టను రింగులు గానీ, సిలిండరు లోపలి గోడ అయిన బోరు గానీ అరిగినట్టు. ఎత్తయిన కాలువ వంతెన దిగుతూ ఆక్సిలరేటరు వదిలి, కింద మళ్లీ తొక్కినప్పుడు వెనుక అద్దంలో నీలిపొగ కనిపిస్తే వాల్వు గైడ్లను అనుమానించాలి. మన మెకానిక్కులు ఇంజను బోరుకొచ్చిందని అంటారే, ఆ మాట నిజమో కాదో సిలిండరులోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజితో తేల్చుకోవచ్చు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ విప్పి, ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టి, గేజి చూపే ఒక్కో సిలిండరు అంకె రాసుకోండి. ఒక సిలిండరు మిగిలినవాటికంటే బాగా తక్కువ చూపిస్తే, దానిలో చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

వెయ్యి కిలోమీటర్లకు లీటరుకు మించి నూనె తాగే ఇంజనులో సింథటిక్ పోయవద్దు. అది హానికరమని కాదు. ఖరీదైన నూనెను పొగ చేసి వదలడమే అవుతుంది, జబ్బు తగ్గదు. రీబోరు చేయించి, అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించి, కొత్త రింగులు వేయించిన ఇంజనులో కూడా మొదటి వెయ్యి రెండు వేల కిలోమీటర్లు మినరల్ ఆయిలే మంచిది, రింగులు గోడలకు కుదురుకోవడానికి కొంత ఒరిపిడి కావాలి.

చివరగా ఇంజను పైన వాల్వులను కప్పి ఉంచే టాపెట్ కవరు విప్పి లోపల చూడాలి. ఈ పనికి ఎవరూ ఇష్టపడరు గానీ, ఇదే అన్నిటికంటే విలువైన పరీక్ష. లోపల లోహం గోధుమ రంగులో నున్నగా కనిపిస్తే నిశ్చింతగా సింథటిక్‌కు మారండి. నల్లటి మడ్డి గోరుతో గీస్తే ముద్దగా వచ్చేంత పేరుకుని ఉంటే ఆగండి. ఆ స్థితిలో డిటర్జెంటు ఎక్కువగా ఉన్న నూనె పోస్తే మడ్డి పెళ్లలుగా ఊడి, ఛాంబరు అడుగున నూనె పీల్చే జల్లెడకు అడ్డుపడుతుంది. నూనె నిండుగా ఉండగానే బేరింగులు ఎండిపోతాయి. డీజిలో కిరోసినో పోసి ఇంజను తిప్పి కడిగే పద్ధతి మన షెడ్డుల్లో ఇంకా ఉంది. దయచేసి ఒప్పుకోకండి, ఆ కొద్ది నిమిషాల్లో బేరింగుల మధ్య నూనె పొర ఉండదు. ఛాంబరు దింపి, జల్లెడను విడిగా కడిగించి, టాపెట్ల దగ్గరి మడ్డిని చేతితో తీయించి, మామూలు నూనెతో వెయ్యేసి కిలోమీటర్లకు రెండుసార్లు మార్చిన తరువాతే సింథటిక్ గురించి ఆలోచించండి. కవరు తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయాలి.

మార్చే పని

ఇంజనును పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద నిలపండి. వానాకాలపు మెత్తటి నేలలో జాకీ కూరుకుపోతుంది, జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి ఎప్పుడూ వెళ్లవద్దు. స్టాండ్లు పెట్టి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డు వేయండి. ఆయిల్ మూత తీసి, డ్రెయిన్ నట్టు విప్పి, అరగంటపాటు చివరి చుక్క దాకా కారనివ్వండి. దిగిన నూనెను తెల్లటి గిన్నెలో కొద్దిగా తీసి ఎండలో చూడండి. ఇత్తడి రంగు తళుకులు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయని అర్థం, ఇక ఆ డబ్బు నూనె మీద కాక ఇంజను పని మీద పెట్టాలి.

నట్టు కింది రాగి వాషరు కొత్తది వేయండి. ఫిల్టరు తప్పనిసరిగా మార్చాలి. గిన్నెలో విడి ఫిల్టరు ఉండే పాత అంబాసిడర్లలో పాత రబ్బరు రింగు గాడిలోనే అంటుకుని ఉండిపోతుంది. దాన్ని పిన్నుతో తీయకుండా దాని మీదే కొత్తది వేస్తే, స్టార్టు చేయగానే నూనె అంతా చిమ్ముతుంది. తిప్పి బిగించే ఫిల్టరైతే రబ్బరుకు కొత్త నూనె రాసి, అది ఆనుకున్న తరువాత చేతితోనే మరో ముప్పావు చుట్టు తిప్పితే చాలు.

మాన్యువల్ చెప్పిన కొలతకు అర లీటరు తగ్గించి పోసి, డిప్‌స్టిక్ చూస్తూ మిగిలినది కొద్దికొద్దిగా కలపండి. పై గీతను దాటించడం వల్ల లాభం లేదు. క్రాంకు నూనెను చిలికి నురగ చేస్తుంది. వెంటనే స్టార్టు చేయకుండా, డిస్ట్రిబ్యూటరు మధ్యలోని కాయిల్ వైరు పీకి ఇంజను ఇనుముకు తాకించి, ఆయిల్ లైటు ఆరేదాకా కొద్ది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. నెలల తరబడి నిలిపిన బండిని మొదటిసారి తీసేటప్పుడు కూడా ఇలాగే చేయాలి. తరువాత వైరు పెట్టి స్టార్టు చేసి, ఫిల్టరు దగ్గర, నట్టు దగ్గర లీకు లేదని చూసుకుని, ఆపి పది నిమిషాలాగి మట్టం మళ్లీ సరిచూడండి.

మినరల్, సింథటిక్ కలిస్తే పెరుగులా గడ్డకడుతుందన్న మాట నిజం కాదు. ఎపిఐ వర్గం ఉన్న నూనెలు ఒకదానితో ఒకటి కలిసేలా ఉండాలన్నది నియమం. దారిలో నూనె తగ్గితే, పెట్రోలు బంకులో దొరికిన అదే గ్రేడు మినరల్ ఆయిల్ అర లీటరు పోసుకుని నిశ్చింతగా ఇంటికి చేరవచ్చు. సీలు సరిగా లేని డబ్బా, తయారీ నెల చెరిగిపోయిన డబ్బా మాత్రం కొనవద్దు.

మారిన తరువాత

మొదటిసారి పోసిన సింథటిక్‌ను పూర్తి కాలం ఉంచవద్దు. 1500 నుంచి 2000 కిలోమీటర్ల మధ్య ఫిల్టరుతో సహా మార్చండి, అది లోపలి మడ్డిని కడిగి తెచ్చి ఉంటుంది. అంత దూరం తిరగని బండైతే మూడు నెలలకు మార్చండి. ఆ తరువాత 5000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. చిన్న ప్రయాణాలే ఎక్కువైతే ఆరు నెలలు. కొత్త కార్లకు పది పదిహేను వేల కిలోమీటర్లని రాసి ఉండటం చూసి కార్బ్యురేటరు బండికి ఆ లెక్క వేయకూడదు. మొదటి నెల వారానికోసారి డిప్‌స్టిక్ చూసి, మట్టం ఎంత తగ్గిందో రాసుకోండి.

బండిని నిలిపే ముందే నూనె మార్చడం మరో ముఖ్యమైన అలవాటు. సంక్రాంతి ప్రయాణాలు అయ్యాక పాత నూనెతోనే షెడ్డులో పెట్టి, మళ్లీ పండుగకు ముందు మార్చడం మన వాడుక. అలా చేస్తే నీరూ ఆమ్లాలూ కలిసిన నూనె పదకొండు నెలలు బేరింగుల మీద కూర్చుంటుంది. పండుగ వెళ్లిన వారంలోనే మార్చి, వేడెక్కేదాకా ఒకసారి తిప్పి నిలపండి.

పాత డీజిలు జీపులకు, డీజిలు అంబాసిడర్లకు ఇంత ఆలోచన అక్కరలేదు. 15డబ్ల్యూ-40, ఎపిఐ సిఐ-4 వర్గపు మినరల్ ఆయిల్ వాటికి చక్కగా సరిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బిఎస్-6 డీజిలులో గంధకం పదిలక్షల్లో 10 పాళ్లకు తగ్గింది కాబట్టి, నూనె మునుపటంత తొందరగా ఆమ్లంగా మారదు.

లంక గ్రామాల వారికి ఒక హెచ్చరిక. వరద నీరు ఇంజను దాకా వచ్చిన బండిని స్టార్టు చేయవద్దు, తోసి కూడా చూడవద్దు. ప్లగ్గులు విప్పి, ఛాంబరులోని నూనె అంతా దింపితే ముందు నీరు, తరువాత నూనె వస్తాయి. చౌకైన మినరల్ ఆయిల్ పోసి, చేత్తో క్రాంకు తిప్పి, దింపి, మళ్లీ పోసి, ఐడిలింగులో కొద్దిసేపు నడిపి, మళ్లీ దింపండి. తెల్లటి ఛాయ పూర్తిగా పోయేదాకా ఇలా మూడు నాలుగుసార్లు చేయవలసి రావచ్చు. సింథటిక్ పొయ్యడం ఆ తరువాతి మాట.

దింపిన నూనెను కాలువలో గానీ బోదెలో గానీ పారబోయకండి. మన ఊళ్లలో మంచినీటి చెరువులు ఆ కాలువ నీటితోనే నిండుతాయి, వరి చేలకూ అదే నీరు వెళుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన నూనె కూడా ప్రమాదకర వ్యర్థమే, దాన్ని తిరిగి శుద్ధి చేయడానికి అనుమతి ఉన్నవారికే చేర్చాలి. కొత్త నూనె వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, నీరు కలవకుండా దాచి, పట్నం వెళ్లినప్పుడు వాడిన నూనెను పీపాల్లో పోగుచేసి అలాంటివారికి ఇచ్చే షెడ్డులో అప్పగించండి. నూనె పూర్తిగా కారిపోయేలా ఒక రాత్రంతా బోర్లించి ఉంచిన పాత ఫిల్టరును కూడా ఆ డబ్బాతో పాటే ఇవ్వండి.